పధ్నాలుగో షరతు

ఆ డ్రాయింగు గీసినవాడు జన్మలో సముద్రం చూసి ఉండడని తవిటయ్య బాబాయి ఒక్క చూపుతో తేల్చేశాడు. కలకత్తా నుంచి రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన నీలం కాగితం అది. మూలన మూడు సంతకాలు, రెండు ముద్రలు. అంత గొప్ప కాగితాన్ని నూనె చేతులతో అటూ ఇటూ తిప్పి చూసి, నా టైపు మిషను పక్కన పడేశాడు.

"ఏటమ్మా ఇది? ఇసకలో సిమెంటు దిమ్మ కట్టి, దాని మీద వించ్ బిగిత్తారా? సముద్రం ఒడ్డంటే మన షెడ్డులో గచ్చనుకున్నారేటి?"

నాకు ఒళ్ళు మండింది. కాగితం మాసిపోతే ఫైల్లో పెట్టుకోవలసినదాన్ని నేను. "ముందు చేతులు కడుక్కో బాబాయ్. తరవాత సముద్రం సంగతి చూద్దాం," అన్నాను.

మా వర్క్‌షాపు జంషెడ్‌పూర్ పక్కన ఆదిత్యపూర్‌లో, ఖర్కాయి ఏటి బ్రిడ్జి దాటాక మూడో సందులో ఉండేది. ఇరవై రెండు మంది పనివాళ్ళు, రెండు లేతులు, ఒక డ్రిల్లింగు మిషను, పొద్దస్తమానం పొగ కక్కే కొలిమి. యజమాని సీతారామరావుగారు స్టీలు కార్ఖానాలో ఇంజినీరు ఉద్యోగం వదులుకుని ఈ షెడ్డు పెట్టారు. బిష్టుపూర్‌లో ఆయన తోటివాళ్ళు కార్లలో తిరుగుతుంటే ఆయన స్కూటర్ మీద తిరిగేవారు. ఆ సంగతి ఆయన మరిచిపోయినా ఆయన భార్య మరవనిచ్చేవారు కాదు. తవిటయ్య బాబాయి ఫోర్‌మన్. నేను రమాదేవిని, టైపిస్టుని. టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసే మా నాన్న, "ఇనప్పొట్టు మధ్య ఆడపిల్లకేం పని?" అన్నా వినకుండా చేరాను. నోరు కాస్త ఎక్కువని నాకు పేరు. ఆ పేరు కష్టపడి సంపాదించుకున్నదే.

ఎనభై నాలుగు జనవరిలో వచ్చిన ఆ ఆర్డరు మేం అదివరకు ఎన్నడూ ఎరగనిది. పడవల్ని ఒడ్డుకు లాగే వించ్. ఇద్దరు మనుషులు చెరో పక్కా పిడి తిప్పితే తాడు డ్రమ్ముకు చుట్టుకుంటుంది, తాడు చివరనున్న పడవ నీళ్ళలోంచి ఇసుక మీదికి ఎక్కుతుంది. ముందు రెండు నమూనాలు చేసి చూపించాలి. నచ్చితే నూట ఇరవై. అవన్నీ దక్షిణాన ఎక్కడో ఉన్న ఒక దీవుల దేశానికి మన ప్రభుత్వం తరఫున వెళతాయి.

ఆ దీవులు మ్యాపులో ఆవగింజలంత ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న సముద్రం మాత్రం చాలా పెద్దది. దాని మీద రెండు పొరుగు దేశాలు మాదంటే మాదని ఏళ్ళ తరబడి తగువాడుకుంటున్నాయి. నీళ్ళలో చేపలున్నాయి, అడుగున చమురుందని అనుమానం ఉంది, పైనుంచి సరుకు ఓడలు పోతాయి. ఇంకేం కావాలి? ఎక్కడెక్కడి పెద్ద దేశాలకూ ఆ దీవుల జనం మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. ఒకరు జెట్టీ కట్టించారు. ఇంకొకరు ఐసు ఫ్యాక్టరీ పెట్టించారు. మూడోవారు ఇంజను పడవలిచ్చారు. ఊరికే రారు మహానుభావులని మా అమ్మమ్మ అనేది ఇలాంటివాళ్ళ గురించే. మన దేశం కూడా చివర్న వెళ్ళి ఆ గుమ్మంలో నిలబడింది. మన చేతిలో ఉన్నది ఈ వించ్.

తవిటయ్య బాబాయికి ఈ రాజకీయాలేవీ పట్టలేదు. ఆయనది శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఒక జాలరి పల్లె. తండ్రి తండేలు, అంటే పడవకు పెద్ద. ఒకరోజు వేటనుంచి తిరిగొచ్చి పడవను ఒడ్డుకు లాగుతుంటే చేతుల్లో తాడు జారింది. పడవ వెనక భుజం ఆనించి నెడుతున్న తండ్రి మీదికి పడవ వెనక్కి వచ్చేసింది. అప్పుడు బాబాయికి పదిహేనేళ్ళు. టాటానగర్ లోకో షెడ్డులో ఖలాసీగా ఉన్న మేనమామ వచ్చి వెంటబెట్టుకొచ్చేశాడు. ముప్పై మూడేళ్ళుగా ఇనుముతోనే కాపురం.

"సముద్రంలో పోతే గంగమ్మ తీసుకెల్లిపోనాది అనుకుందుము," అన్నాడు నాతో, ఆ మధ్యాహ్నం టీ తాగుతూ. "ఒడ్డుకొచ్చీసినాక పోనాడమ్మా మా అయ్య. ఆ తాడుని పట్టి ఆపీదానికి ఇంత ఇనప ముక్కుంటే బతికిపోదుడు. ఈ వించ్ సముద్రానికెల్లాల. ఎల్లి పని సెయ్యాల. మరేటీ నాకొద్దు."

మనిషి ఏదైనా గట్టిగా కోరుకోవడం నేను అప్పుడే మొదటిసారి ఆయన మొహంలో చూశాను. మామూలుగా ఆయన కోరికలన్నీ బీడీకట్ట దగ్గర మొదలై టీగ్లాసు దగ్గర ముగిసేవి.

సీతారామరావుగారు మధ్యే మార్గం చెప్పారు. ఒక నమూనా డ్రాయింగు ప్రకారం, ఇంకోటి తవిటయ్య చెప్పిన ప్రకారం. బాబాయి చేసిన దానికి సిమెంటు దిమ్మ లేదు, బోల్టులు లేవు. అడుగున రెండు సాల కలప దూలాలు, నలుగురు పట్టుకుని ఎక్కడికైనా మోసుకుపోవచ్చు. వెనక ఒక ఇనుప రింగు. వాళ్ళ ఊళ్ళో ఇసుకలో ఒక దుంగను అడ్డంగా పూడ్చిపెట్టి, దానికి గొలుసు కట్టి, ఆ ఆధారంతో లాగుతారట. పూడ్చిన దుంగే దిమ్మ. ఇక ఆయన ప్రాణమంతా పెట్టుకున్నది నాలిక మీద. డ్రమ్ము పక్కన పళ్ళ చక్రం ఉంటుంది. ఆ పళ్ళ మధ్య టిక్కుటిక్కుమని పడుతూ చక్రం వెనక్కి తిరక్కుండా ఆపే చిన్న ముక్కను మా షెడ్డులో నాలిక అంటారు. డ్రాయింగులో దానికి ఏదో ప్రత్యేకమైన ఉక్కు రాశారు. బాబాయి పాత లారీ కమాను పట్టీ తెచ్చి, కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి చేశాడు.

"కమాను పట్టీ ఎందుకు చాచా? అసలు స్టీల్ ఆజాయేగా, రేపోమాపో వస్తుంది కదా," అన్నాడు వెల్డరు పోలరాజు. జంషెడ్‌పూర్‌లో పుట్టిన కుర్రకారు అంతా అలాగే మాట్లాడతారు, సగం తెలుగు, సగం హిందీ.

"ఇరిగిపోతే ఆ దీవిలో కమ్మరోడు ఏటితో సేసుకుంతాడ్రా?" అన్నాడు బాబాయి.

ఫిబ్రవరి మొదటి వారంలో కలకత్తా నుంచి బలరామ్ బాబు వచ్చాడు. ఈ ఎగుమతి నడిపించే సంస్థలో ఆఫీసరు. ఇస్త్రీ నలగని చొక్కా, చక్కని హిందీ, ఎవరినీ కసురుకోని మనిషి. ఒప్పందం కాగితాలు ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. పధ్నాలుగో షరతు దగ్గర నా వేళ్ళు ఆగాయి. పదిహేనేళ్ళ పాటు వించ్‌ల విడిభాగాలు మా దగ్గరే కొనాలి. ఇక్కడి నుంచి వెళ్ళిన మెకానిక్ తప్ప మరెవరూ వాటిని విప్పకూడదు. డ్రాయింగు వాళ్ళకు ఇవ్వరు.

"ఇదేమిటి సార్, ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "బేటీ, బహుమతిని ఒక్క వానాకాలంలో మరిచిపోతారు. విడిభాగం కావాలంటే ఏటేటా ఉత్తరం రాయాలి. వాళ్ళు రాస్తే మనం వెళతాం. వెళితే టీ తాగుతాం. టీ తాగితే నాలుగు మాటలు మాట్లాడుకుంటాం. పెద్ద దేశాలన్నీ చేసేది అదే. మనం అందరికన్నా వెనక వచ్చాం, అందరికన్నా చిన్న వస్తువు తెచ్చాం. మరి ఆ గుమ్మంలో మనకు చోటు ఎలా నిలబడుతుంది?"

ఆయన మాటల్లో దురాశ లేదు, దేశం మీద ప్రేమే ఉంది. దాపరికమెందుకు, నాకూ అది గొప్ప తెలివిగానే తోచింది. ఆదిత్యపూర్ మూడో సందులో కూర్చుని సముద్రాల సంగతి తేలుస్తున్నానన్న గర్వంతో నాలుగు కార్బను కాపీలు ఒక్క తప్పు లేకుండా కొట్టాను. బాబాయికి ఆ షరతు సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మర్నాడే దీవుల నుంచి ఇద్రీస్ వచ్చాడు. మత్స్యశాఖ అధికారి అన్నారు కదా, ఏ కళ్ళద్దాల దొరో దిగుతాడనుకున్నాను. దిగింది యాభై దాటిన నల్లటి బక్కపల్చటి మనిషి. అరచేతులు చెప్పు అట్టల్లా ఉన్నాయి. సరుకు పడవల మీద బొంబాయి, కలకత్తా తిరిగిన రోజుల్లో నేర్చుకున్న ముక్కల హిందీ మాట్లాడాడు. వచ్చీ రాగానే బలరామ్ బాబు ఆయన్ను మొదటి నమూనా దగ్గరికి తీసుకెళ్ళాడు. షెడ్డు వెనక కొత్త సిమెంటు దిమ్మ మీద అది పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. పోలరాజు, ఇంకొకడు పిడి తిప్పితే గేరు తీసి నిలబెట్టిన ఇసుక లారీ గుమ్మం దాకా వచ్చేసింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఇద్రీస్ కొట్టలేదు. దిమ్మను కాలితో తట్టి చూశాడు. "మా ఒడ్డు ఒక చోట ఉండదు," అన్నాడు. "ఒక గాలి కాలంలో ఇసుకంతా దీవికి పడమట ఉంటుంది. గాలి మారితే తూర్పుకు పోతుంది. ఈ రాయి ఆరు నెలలు నీళ్ళలో ఉంటుంది."

"అయితే రెండు దిమ్మలు కట్టుకోండి," అన్నాడు బలరామ్ బాబు.

"సిమెంటు ఓడలో రావాలి. ఆ ఓడ కూడా ఇంకెవరిదో," అన్నాడు ఇద్రీస్ మర్యాదగానే.

గుమ్మం పక్కన నిలబడి ఉన్న బాబాయి ఇక ఆగలేకపోయాడు. "నాను సెప్పనేదా బాబూ? సెప్పనేదా?" అంటూ సీతారామరావుగారి మీదికి వచ్చినంత పని చేశాడు. "రెండోది ఖర్కాయి ఇసకలోకి అట్టుకెల్దాం. ఆయనకి ఇసకలోనే సూపిత్తాను."

అలా అందరం ఏటికి బయల్దేరాం. మాఘమాసం కదా, ఖర్కాయి ఓ పక్కకు ఒదిగి సన్నగా పారుతోంది. మిగతా అంతా ఇసుక. ఇసుక తవ్వుకునే లారీలు రెండు మూడు నిలబడి ఉన్నాయి. మా లారీని నీటి అంచు దాకా దింపి, చక్రాలు సగం కూరుకుపోయేటట్టు నిలబెట్టారు. నలుగురు వించ్ మోసుకొచ్చి ఒడ్డు వైపు దించారు. దాని వెనక బాబాయి తనే గొయ్యి తవ్వించి, సాల దుంగను అడ్డంగా వేసి, గొలుసు కట్టి, ఇసుక కప్పి తొక్కాడు. ఆయన నడకే మారిపోయింది. మా షెడ్డులో వంగి తిరిగే మనిషి అక్కడ పడవ పెద్దలా కేకలేస్తున్నాడు. "తాడు దరికి ఎవులూ రావొద్దు! హైలెస్సా అంటే తిప్పండి!"

తిప్పారు. తాడు బిగిసింది. లారీ ఒక్క అంగుళం కదల్లేదు. కదిలింది దుంగ. ఇసుక ఉబ్బి, పగిలి, దుంగ చేప ఎగిరినట్టు పైకి వచ్చేసింది. దాంతో పాటు వించ్ ముందుకు జారి పోలరాజు మోకాలికి జానెడు దూరంలో ఆగింది.

బలరామ్ బాబు చొక్కా మీద పడ్డ ఇసుక దులుపుకున్నాడు. బాబాయి ఆ దుంగ వంక చూస్తూ నిలబడిపోయాడు. ఆయన మొహం చూడలేక నేను తల తిప్పుకున్నాను. నిన్నటిదాకా ఎగతాళి చేసినదాన్నే గాని, ఆ నిమిషంలో ఆయన ఓడిపోతే నేనే ఓడిపోయినట్టు అనిపించింది.

ఇద్రీస్ చెప్పులు విప్పాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని గొయ్యి దగ్గరికి వెళ్ళి, గుప్పెడు ఇసుక తీసి బాబాయి అరచేతిలో పోశాడు. బాబాయి దాన్ని వేళ్ళ మధ్య రుద్ది చూసుకున్నాడు.

"సీ!" అన్నాడు నాలిక కరుచుకుని. "మా ఊరి ఇసక పిండిలాగుంతాదమ్మా. తడి పట్టి బిగిసిపోతాది. మోకాల్లోతు సాలు. ఇది నూకలాంటి ఇసక, నిలవదు. ముప్పై మూడేల్లయిపోనాది గదా, అన్ని ఇసకలూ మా ఊరి ఇసకే అనుకున్నాను."

ఇద్రీస్ వాళ్ళ దీవిలో ఇసుక కూడా నూకలాంటిదేనట. ఆయన పార అందుకున్నాడు. బాబాయి ఇంకో పార అందుకున్నాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష పది ముక్కల హిందీ. అది కూడా వాడుకోలేదు. నడుం లోతు తవ్వారు. దుంగ నుంచి వించ్ దాకా గొలుసు ఏటవాలుగా వచ్చేటట్టు ఇసుకలో కాలువలా కోశారు, గొలుసు పైకి గుంజకుండా. దుంగ ముందు రెండు పలకలు నిలువుగా పాతారు. ఏట్లో నీళ్ళు బకెట్లతో తెచ్చి పోసి, తడి ఇసుక పొరలు పొరలుగా వేసి తొక్కారు. ఒకరు ఆపితే ఇంకొకరు మొదలుపెట్టేవారు. పడవ పనిలో పుట్టిన చేతులు ఏ దేశంవైనా ఒకటేనని నాకు ఆ రోజే తెలిసింది.

రెండోసారి బాబాయి హైలెస్సా అన్నాడు. ఇద్రీస్ వాళ్ళ భాషలో ఏదో కేకేశాడు. దుంగ కదల్లేదు. నాలిక టిక్కు టిక్కు టిక్కు మంటుంటే లారీ చక్రాలు మెల్లగా ఇసుక లోంచి లేచి, నీటి అంచు వదిలి, ఒడ్డెక్కడం మొదలుపెట్టాయి. మధ్యలో ఇద్రీస్ చెయ్యెత్తి పిడి వదిలెయ్యమన్నాడు. ఇద్దరూ వదిలేశారు. తాడు మూలిగింది. నాలిక పళ్ళ మధ్య కూర్చుంది. అంత లారీ ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మేం ఈసారి చప్పట్లు కొట్టలేదు, అరిచాం.

అంతా అయిపోయిందనుకున్నాను. ఇద్రీస్ ఇసుకలో కూర్చుని చేతులు తుడుచుకుని, "ఇప్పుడు కాగితం ఇవ్వండి," అన్నాడు. ఇంగ్లీషు బాగా చదువుతాడు. ఒక్కో షరతూ వేలితో గీస్తూ పోయి పధ్నాలుగో దాని దగ్గర ఆగాడు.

"ఐసు ఫ్యాక్టరీ కాగితంలో ఇది తొమ్మిదో షరతు," అన్నాడు ఇంగ్లీషులో. "ఇంజను పడవల కాగితంలో ఇరవయ్యోది. ఐసు ఫ్యాక్టరీలో ఒక వాల్వు పోయి పధ్నాలుగు నెలలైంది. మేం విప్పకూడదు. వాళ్ళ మనిషి వస్తానంటాడు, వచ్చే ముందు ఒక రేవులో తమ ఓడలు ఆగనివ్వమంటాడు. మా చేపలు కుళ్ళిపోతున్నాయి." కాగితం మడిచి బలరామ్ బాబు చేతిలో పెట్టాడు. "వించ్ చాలా బాగుంది. ఈ షరతుతో నాకు వద్దు. మా ఒడ్డున చచ్చిన మిషన్లు చాలా ఉన్నాయి."

బాబాయి నా దగ్గరికి వచ్చాడు. "ఏటంటున్నాడమ్మా? వించ్ బాగోనేదంటాడా?"

చెప్పక తప్పలేదు. కాగితంలో ఉన్నదంతా చెప్పాను, టైపు చేసింది నేనేనని కూడా చెప్పాను. బాబాయి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"అంటే కమాను పట్టీతో నాను సేసిన నాలిక ఆల కమ్మరోడు ముట్టకూడదా?" అన్నాడు. "ఒడ్డు మీద పడవ ఆగిపోతే కలకత్తాకి ఉత్తరం రాసుకుని కూకోవాలా?" తిరిగి సీతారామరావుగారి ముందుకు వెళ్ళాడు. "బాబూ, ఇప్పకూడని సామాను సేసిన ఫోర్‌మన్ అనిపించుకోను నాను. అంత సేతకాని పనా నాది?"

బలరామ్ బాబు నెమ్మదిగా నచ్చచెప్పాడు. షరతు తీసేస్తే రేపు వాళ్ళకు మనం అక్కర్లేదు. ఇవాళ ఇచ్చిన చెయ్యి రేపు గుర్తుండదు. పైగా వీళ్ళు విప్పితే మళ్ళీ బిగించలేరు, పాడుచేసి మన పేరే చెడగొడతారు. సీతారామరావుగారి మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. ఆరు నెలలుగా షెడ్డులో పని పలచబడింది. పదిహేనేళ్ళ విడిభాగాల పనంటే ఇరవై రెండు ఇళ్ళకు పదిహేనేళ్ళ అన్నం.

అప్పుడు బాబాయి అన్నాడు: "ఆయన్నే ఇప్పి బిగించమనండి. నాను సెయ్యి పెట్టను, నోరిప్పను. బిగించి లారీని లాగితే ఆ సరతు కొట్టీయండి. లాగలేకపోనాడా, ఉంచుకోండి. నాను మరి మాటాడితే ఒట్టు."

నేను హిందీలో చెప్పీ చెప్పగానే, "మంజూర్," అని ఒప్పేసుకున్నాడు బలరామ్ బాబు. ఇన్స్‌పెక్షన్లు ఎన్నో చూసినవాడు, మొదటిసారి చూసిన వించ్ ఎవరూ బిగించలేరని ఆయనకు నమ్మకం.

అందరం సీతారామరావుగారి వైపు చూశాం. ఆయన అన్నారు: "కార్ఖానాలో ఉన్న రోజుల్లో ఓ విదేశీ మిషను ఆగిపోయింది. ఎక్కడ పోయిందో నాకు తెలుసు. ముట్టకూడదన్నారు. వాళ్ళ మనిషి విమానం దిగేదాకా పదకొండు రోజులు దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. నేను ఉద్యోగం వదిలేసింది ఆ పదకొండు రోజుల వల్లనే." ఆగి, "తవిటయ్య మాటే నా మాట. కానివ్వండి," అన్నారు.

లారీని మళ్ళీ నీటి అంచుకు దింపారు. ఇసుక మీద టార్పాలిన్ పరిచారు. ఇద్రీస్ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. పళ్ళ చక్రం, డ్రమ్ము, పిన్నులు, వాషర్లు, విప్పినదాన్ని విప్పినట్టు వరసగా పేర్చాడు. ఏ ముక్క పట్టుకున్నా రెండుసార్లు తిప్పి చూశాడు. బాబాయి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు, రెండు చేతులూ చంకల్లో దోపుకుని. ఆ చేతులు బయట ఉంటే మాట వినవని ఆయన భయం. పోలరాజు వగరుస్తూ దుకాణం నుంచి టీ తెచ్చాడు. ఎవరూ తాగలేదు.

గంట దాటింది. ఇద్రీస్ తిరిగి బిగిస్తున్నాడు. అంతా సరిగ్గానే పోతోంది. చివర నాలిక పెట్టాడు. తల్లకిందులుగా పెట్టాడు.

అది నాకే కనిపించింది, బాబాయికి కనిపించదా? నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే మూసుకుని, లేచి, గిర్రున తిరిగి ఏటి వైపు నడిచి వెళ్ళిపోయాడు. చీలమండ లోతు నీళ్ళలో మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. ఒక్క మాట చాలు. 'తిరగెయ్యి' అంటే చాలు. ముప్పై మూడేళ్ళకు సముద్రానికి వెళ్ళబోయే తన వస్తువు ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోతోంది. ఆ మాట అనకుండా నీళ్ళలో నిలబడ్డాడాయన. నాకు ఏడుపొచ్చింది. నేనే అరిచేద్దామనుకున్నాను కూడా. ఒట్టు ఆయన పెట్టుకున్నాడు గాని నేను పెట్టుకోలేదు. కాని ఆ వీపు చూస్తుంటే నా నోరు కూడా పెగల్లేదు.

ఇద్రీస్ పిడి పట్టుకుని తాడు లేకుండా ఒక్క చుట్టు తిప్పాడు. చప్పుడు లేదు. ఆగాడు. తల పక్కకు వంచి ఇంకో చుట్టు తిప్పాడు. చప్పుడు లేదు. బలరామ్ బాబు గడియారం చూసుకున్నాడు. ఇద్రీస్ కళ్ళు మూసుకున్నాడు. ఇందాక విన్న చప్పుడు గుర్తు తెచ్చుకుంటున్నాడని నాకు అర్థమైంది. పిన్ను లాగి, నాలిక బయటికి తీసి, అరచేతిలో పెట్టుకుని రాపిడి పడిన వైపేదో బొటనవేలితో తడిమి, తిరగేసి పెట్టాడు. పిడి తిప్పాడు.

టిక్కు.

ఏట్లో నిలబడిన మనిషి భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి. వెనక్కి మాత్రం తిరగలేదు. ఇద్రీస్ తాడు కట్టుకుని, పోలరాజుని ఎదురు పిడి పట్టమని, తన భాషలో కేకేశాడు. టిక్కు టిక్కు మంటూ లారీ ఒడ్డెక్కుతుంటే, అది ఎంత దూరం వచ్చిందో బాబాయి చూడలేదు. వింటూనే ఉన్నాడు.

బలరామ్ బాబు మాట తప్పే మనిషి కాదు. జేబులోంచి పెన్ను తీసి, పధ్నాలుగో షరతు మీద ఈ చివర నుంచి ఆ చివరికి గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాడు. సీతారామరావుగారూ పెట్టారు. ఇద్రీస్ అన్నిటికన్నా కింద పెట్టాడు. నా జీవితంలో నేను వేల కాగితాలు కొట్టాను. కొట్టివేతలు ఉన్న కాగితం చూసి గర్వపడింది ఆ ఒక్కసారే.

"కలకత్తాలో నన్ను అడుగుతారు," అన్నాడు బలరామ్ బాబు, కోపం లేకుండానే. "రేపు వీళ్ళు మనకెందుకు రాయాలో చెప్పమని."

ఆ మాట నేను బాబాయికి చెప్పాను. అప్పటికి ఆయన నీళ్ళలోంచి వచ్చి, ఇద్రీస్ బిగించిన బోల్టులు దూరం నుంచే ఒక్కొక్కటీ చూస్తున్నాడు. చేతులింకా చంకల్లోనే ఉన్నాయి. అన్నీ చూశాక వాటిని బయటికి తీసి నడుం మీద పెట్టుకుని నిలబడ్డాడు. నీతో ఇక పని లేదనిపించుకున్నవాళ్ళు కుంగిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఆయన మాత్రం కొడుక్కి పెద్ద ఉద్యోగం వచ్చిందని ఊరంతటికీ చెప్పే తండ్రిలా, ఏటి అవతలి ఒడ్డుకు కూడా వినబడేటట్టు అన్నాడు.

"ఆయనకి ఇంక నాతో పనేటి లేదమ్మా!"